రాత్రి ఉప్పు చల్లించాలా, వద్దా: బ్రిటన్ చలికాలంలో వ్యాపార ఆవరణల సంగతి

అందరికీ నమస్కారం.

బ్రిటన్‌లో కేర్ హోమ్ నడిపేవాళ్లయినా, హోటలున్నవాళ్లయినా, గోడౌను, క్లినిక్కు, నాలుగు షాపుల పెరడు ఉన్నవాళ్లయినా అక్టోబరు వచ్చేసరికి ఒకే మాట అంటారు. "పోయినేడు నేల జారకుండా ఉప్పు చల్లే కాంట్రాక్టరుకు డబ్బు కట్టాం, మంచే పడలేదు. ఈ ఏడు పడుతుందో లేదో ఎవరికి తెలుసు? పడ్డ రోజు చూసుకుందాం." వినడానికి సబబుగానే ఉంటుంది. వాతావరణం సంగతి ముందే తెలియదు కాబట్టి ముందే డబ్బు పెట్టడం దండగ అని వాళ్ల వాదన. నా వాదన సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. ముందే తెలియదు కాబట్టే వాతావరణాన్ని రోజూ కనిపెట్టుకునే పని ఒకరికి అప్పజెప్పాలి. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు మాటల దగ్గరే చిన్న చిక్కుంది. తెలుగులో మనకు అన్నీ మంచే. ఆకాశంలోంచి పడేదీ మంచే, తెల్లారగట్ల గడ్డి మీద మెరిసేదీ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే. కవిత్వానికి అది బాగానే ఉంటుంది కానీ ఈ పనికి పనికిరాదు. కురిసే స్నో వేరు, నేల మీద తెల్లగా పొడిలా పట్టే ఫ్రాస్ట్ వేరు, తారు మీద పల్చగా, అద్దంలా పరుచుకునే బ్లాక్ ఐస్ వేరు. వ్యాపారస్తులు "మంచు పడలేదు" అంటున్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది స్నో. స్నో పడితే పిల్లాడికైనా కనపడుతుంది, అందరూ ఆచితూచి అడుగేస్తారు. బ్లాక్ ఐస్ తడి నేలలాగే ఉంటుంది. అందుకే మనిషి మామూలుగా, చేతిలో కాఫీతో, ఫోను చూసుకుంటూ నడుస్తాడు. స్నో ఒక్కరోజు కూడా పడని చలికాలంలో కూడా బ్లాక్ ఐస్ రాత్రులు ఉంటాయి.

ఇక ఈ దేశపు చలి స్వభావం. ఇది కెనడా కాదు, నాలుగు నెలలు గడ్డకట్టి ఉండడానికి. ఇక్కడ ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. పగలు ప్లస్ 5, రాత్రి మైనస్ 1, మధ్యలో ఒక జల్లు. ఇంతకన్నా చెడ్డ కలయిక లేదు. ఎందుకంటే పగలు తడిసిన నేలే రాత్రి గడ్డకడుతుంది. నిలకడగా మైనస్ 8లో ఉండే పొడి చలి దీనికన్నా నయం.

ఫోన్‌లో చూసుకునే ఉష్ణోగ్రత ఇక్కడ చాలామందిని మోసం చేస్తుంది. వాతావరణ కేంద్రం చెప్పేది గాలి ఉష్ణోగ్రత. బ్రిటన్‌లో దాన్ని నేలకు 1.25 మీటర్ల ఎత్తున, నీడలో కొలుస్తారు. మీ కస్టమరు నడిచేది 1.25 మీటర్ల ఎత్తున కాదు. మబ్బు లేని, గాలి ఆడని రాత్రి నేల తనలోని వేడిని ఆకాశంలోకి వదిలేసుకుంటుంది. గాలి ప్లస్ 2 లేదా 3 దగ్గర ఉండగానే కార్ పార్క్ ఉపరితలం సున్నా కిందికి దిగిపోతుంది. అదే రాత్రి మబ్బు పట్టిందనుకోండి, దుప్పటి కప్పినట్టు వేడి కిందే ఉండిపోతుంది, ఏమీ కాదు. ఉపరితలం గడ్డకడుతుందా లేదా అన్నది రాత్రి రెండింటికి మబ్బు విడుతుందా లేదా అన్నదాని మీద ఆధారపడిన రాత్రులు ఒక సీజనులో చాలా వస్తాయి. అనూహ్యం అనే మాటకు ఇక్కడ అసలు అర్థం ఇదే. ఏ వారం స్నో పడుతుందన్నది కాదు, ఈ రాత్రి నేల సున్నాకు ఏ వైపున ఉంటుందన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఉప్పు సంగతికొద్దాం. గ్రిట్ అంటే చాలామంది ఇసుక అనుకుంటారు. ఇక్కడ చల్లే గోధుమరంగు పదార్థంలో ఎక్కువ భాగం గనిలోంచి తీసి నలిపిన రాతి ఉప్పు. చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్‌లో 1844లో బయటపడ్డ నిక్షేపం నుంచి ఇప్పటికీ తీస్తున్నారు. రంగు దానిలో కలిసిన మట్టిది. రోడ్లకు వాడే ఉప్పుకు బ్రిటిష్ స్టాండర్డ్ 3247 ఉంది. కొనేటప్పుడు ఆ నంబరు అడగండి. ఇసుక కాలికి పట్టునిస్తుంది కానీ ఐస్‌ను కరిగించదు, ఏర్పడకుండా ఆపదు.

ఉప్పు చేసే పని ఒక్కటే. నీళ్లలో కలిసి, ఆ నీళ్లు గడ్డకట్టే ఉష్ణోగ్రతను కిందికి దించుతుంది. ఎంత దించుతుందన్నది ఎంత ఉప్పుకు ఎన్ని నీళ్లు అన్నదాని మీద ఉంటుంది. ఈ లెక్క ఒకసారి చేసి చూడండి, మిగతా సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. చదరపు మీటరుకు 10 గ్రాములు చల్లారనుకుందాం. ఫ్రాస్ట్ రాకుండా ముందుజాగ్రత్తగా చల్లేటప్పుడు రోడ్ల మీద వాడే మోతాదు దాదాపు అంతే. నేల మీద మంచు తేమ 0.05 మిల్లీమీటర్ల పొర ఉందంటే చదరపు మీటరుకు 50 గ్రాముల నీళ్లు. 10 గ్రాముల ఉప్పు, 50 గ్రాముల నీళ్లు కలిస్తే సుమారు 17 శాతం ఉప్పునీరు. అది మైనస్ 12, మైనస్ 13 దాకా గడ్డకట్టదు. చక్కగా సరిపోయింది. అదే నేల మీద జల్లు పడి అర మిల్లీమీటరు నీళ్లు నిలిచాయనుకోండి, అవి 500 గ్రాములు. ఉప్పు 2 శాతానికి పడిపోతుంది. మైనస్ 1 దాటగానే గడ్డకడుతుంది. ఉప్పు అదే, చల్లిన మనిషి అతనే, ఫలితం మాత్రం వేరు. "నిన్న రాత్రి చల్లించాం కదా, మళ్లీ ఎలా జారింది?" అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఆ జల్లే. తొమ్మిదింటికి చల్లారు, పదకొండింటికి వాన కడిగేసింది, మూడింటికి మబ్బు విడింది. ఆ మధ్యలో రెండోసారి చల్లాలని గమనించేవాళ్లు ఎవరూ లేరు.

స్నో విషయంలో లెక్క ఇంకా కఠినం. ఒక సెంటీమీటరు తాజా స్నో కరిగితే సుమారు ఒక మిల్లీమీటరు నీళ్లు, అంటే చదరపు మీటరుకు ఒక కిలో. 5 సెంటీమీటర్లు పడితే 5 కిలోలు. మైనస్ 5లో దాన్ని ఉప్పుతోనే కరిగించాలంటే 8 శాతం ద్రావణం కావాలి, అంటే చదరపు మీటరుకు 400 గ్రాములకు పైనే ఉప్పు. 2,000 చదరపు మీటర్ల కార్ పార్కుకు దాదాపు 870 కిలోలు. అందుకే పడ్డ స్నో మీద ఉప్పు కుమ్మరించడం ఉప్పు దండగ. పడకముందు 20 నుంచి 40 గ్రాముల మోతాదులో చల్లి పెడితే, కింది పొర నేలకు అతుక్కోకుండా ఉంటుంది. తర్వాత పారతో, స్నోను తోసే ప్లౌతో తేలిగ్గా లేస్తుంది. లేపేశాక మిగిలిన పల్చటి తడికి మళ్లీ కొంచెం చల్లాలి. జనం తొక్కి, కార్లు నలిపి గట్టిపడ్డ స్నోను మాత్రం ఏ ఉప్పూ తొందరగా ఏమీ చేయలేదు.

మరో సంగతి. పొడి ఉప్పు చల్లగానే పనిచేయదు. తేమలో కరగాలి. రోడ్డు మీదయితే టైర్లు నలిపి కలుపుతాయి. నడకదారిలో ఆ నలుగుడు ఉండదు, కాబట్టి ఇంకా ముందే చల్లాలి. చలి పెరిగేకొద్దీ కరగడం నెమ్మదిస్తుంది. ఉప్పునీరు ఏ మోతాదులోనైనా మైనస్ 21 దాకానే ద్రవంగా ఉండగలదు. కానీ అది ప్రయోగశాల సంఖ్య. మైనస్ 7, మైనస్ 8 దాటితే రాతి ఉప్పు మీద పెద్ద ఆశ పెట్టుకోకూడదు.

"మా కుర్రాడే చల్లేస్తాడు" అనే పద్ధతిని ఇప్పుడు దగ్గరగా చూద్దాం. ఉదయం 7.20కి డ్యూటీకి వస్తాడు. వచ్చే దారిలో తనే ఒకసారి జారి నిలదొక్కుకుంటాడు. వెనక షెడ్డులో 25 కిలోల సంచి ఉంటుంది. సంచి నిరుడు విప్పింది, తేమ లాగి రాయిలా గట్టిపడింది. పారతో పొడిచి పెళ్లలు తీస్తాడు. ఒక పారకు ఐదు కిలోలనుకుందాం. చదరపు మీటరుకు 20 గ్రాముల చొప్పున సరిగ్గా పరిస్తే ఆ ఐదు కిలోలు 250 చదరపు మీటర్లకు సరిపోతాయి. అతను విసిరిన తీరుకు గుమ్మం ముందు పది చదరపు మీటర్లలో కుప్పలు పడతాయి. ఒకచోట అరచేతి మందం, అడుగు పక్కన ఏమీ లేదు. సంచి అయిపోతుంది. కార్ పార్కుకు, ర్యాంపుకు, వెనక మెట్లకు ఉప్పు లేదు. ఈలోగా 7.30 షిఫ్టువాళ్లు దిగుతున్నారు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. రాత్రి ఎనిమిదింటికి జరగాల్సిన పనిని పొద్దున ఏడున్నరకు, సమంగా చల్లే స్ప్రెడరు లేకుండా, మోతాదు చెప్పకుండా చేయమన్నాం.

ఈ పని చేసే మంచి కాంట్రాక్టరు మీకు అమ్మేది ఉప్పు కాదు, రోజువారీ నిర్ణయం. మధ్యాహ్నానికల్లా ఉపరితల ఉష్ణోగ్రత సూచన తెప్పించుకుంటాడు. కాంట్రాక్టులో రాసుకున్న గీత, సాధారణంగా సున్నా లేదా ప్లస్ 1, దానికంటే కిందికి పోయే అవకాశం ఉండి, నేల తడిగా ఉండేలా కనిపిస్తే బండి పంపుతాడు. సాయంత్రం మీ కస్టమర్లు వెళ్లాక, ఫ్రాస్ట్ పట్టకముందు ఒకసారి, అవసరమైతే తెల్లారగట్ల మనుషులు రాకముందు ఇంకోసారి. పని స్థలాల భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ, బ్రిటన్ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ సలహా కూడా ఇదే: సాయంత్రం ఫ్రాస్ట్ రాకముందు, లేదా ఉదయం సిబ్బంది రాకముందు చల్లమంటుంది. గట్టిగా వాన కురుస్తుండగా చల్లితే కొట్టుకుపోతుందని కూడా అదే చెబుతుంది.

సూచన తప్పితే? కొన్ని రాత్రులు తప్పుతుంది. నేల సున్నా కిందికి దిగుతుందని చల్లిస్తారు, మబ్బు పట్టి దిగదు. అప్పుడు పోయేది ఒక విడత ఖర్చు. 2,000 చదరపు మీటర్లకు 20 గ్రాముల చొప్పున 40 కిలోలు, రెండు సంచులు కూడా కాదు, దానికి తోడు బండి కూలి. అటువైపు తప్పితే, అంటే దిగదనుకుని చల్లించని రాత్రి నేల సున్నా కిందికి దిగితే, ఒకరి తుంటి ఎముక. ఈ రెండు తప్పులూ ఒకే బరువువి కావు. అందుకే గీతను ఖచ్చితంగా సున్నా దగ్గర కాక కాస్త పైన పెట్టుకోవడం పిరికితనం కాదు, లెక్క.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా. 1992 నాటి వర్క్‌ప్లేస్ నిబంధనల్లో పన్నెండోది, పని స్థలంలో మనుషులు, వాహనాలు తిరిగే దారుల మీద జారిపడేలా చేసే వస్తువులేవీ లేకుండా, సాధ్యమైనంత మేరకు చూసుకోమంటుంది. సిబ్బందికి 1974 హెల్త్ అండ్ సేఫ్టీ చట్టం ఉంది. వచ్చేపోయేవాళ్లకు ఇంగ్లండ్, వేల్స్‌లో ఆవరణ చేతిలో ఉన్నవాళ్ల బాధ్యత చెప్పే 1957 ఆక్యుపయర్స్ లయబిలిటీ చట్టం, స్కాట్లండ్‌లో 1960 చట్టం ఉన్నాయి. వీటిలో ఏదీ "ఎవరూ ఎప్పుడూ జారకూడదు" అనదు. సబబైన ఏర్పాటు ఉందా లేదా అని అడుగుతాయి. "వాతావరణం ఎవరి చేతిలో ఉంది" అన్నది ఈ ప్రశ్నకు జవాబు కాదు. బ్రిటన్‌లో జనవరిలో నేల గడ్డకట్టడం ఊహించని విషయమని వాదించడం చాలా కష్టం. ఏ రోజన్నది తెలియకపోవచ్చు, వస్తుందన్నది మాత్రం అందరికీ తెలుసు.

స్థానిక కౌన్సిల్ ఉప్పు బండి వస్తుంది కదా అంటారు. 1980 హైవేస్ చట్టం కింద కౌన్సిల్ బాధ్యత ప్రజారహదారి వరకే. మీ గేటు లోపల బాధ్యత మీదే. ఇంకొకటి, "శుభ్రం చేస్తే మన మీద కేసు పడుతుంది, ముట్టుకోకుండా ఉంటేనే మంచిది" అనే మాట ఏళ్లుగా చక్కర్లు కొడుతోంది. ఇంటి ముందు పేవ్‌మెంట్ ఊడ్చే మామూలు జనానికి కూడా ప్రభుత్వ సలహా అది కాదు, జాగ్రత్తగా ఊడ్చుకోమనే చెబుతుంది. మీ సొంత ఆవరణలో ముట్టుకోకుండా ఉండడమే మీ మీద నిలబడే అసలు తప్పు. వేడినీళ్లు పోయడం లాంటి పనులు మాత్రం చేయొద్దు. అవి పక్కకు పారి, కాసేపట్లో మరింత నున్నటి ఐస్ అవుతాయి.

కాంట్రాక్టరును పెట్టుకుంటే బాధ్యత మొత్తం ఆయన నెత్తి మీదికి పోతుందనుకోవడం కూడా పొరపాటే. పని తెలిసిన మనిషిని ఎంచుకున్నామా, పని సరిగ్గా జరిగిందో లేదో చూసుకున్నామా అన్నది మీ వంతు. అందుకే కాగితం మీద ఏం రాసుకుంటున్నారన్నది ధరకన్నా ముఖ్యం. గీత గాలి ఉష్ణోగ్రతా, ఉపరితల ఉష్ణోగ్రతా? గాలిదైతే సంతకం పెట్టకండి. సూచన ఏ ప్రాంతానికి తీసుకుంటున్నారు? మీది లోయలో ఉండి, సూచన పదిహేను మైళ్ల అవతల ఊరి మధ్యదైతే ఉపయోగం లేదు. పిలవాల్సింది మీరా, పంపాల్సింది ఆయనా? "ఫోన్ చేస్తే వస్తాం" అనే కాంట్రాక్టు పేరుకే కాంట్రాక్టు. మీరు ఏడింటికి చేసే ఫోనును ఆ ఊళ్లో మరో అరవై మంది కూడా ఏడింటికే చేస్తారు. పని ఎన్ని గంటలకల్లా పూర్తవ్వాలి? వాన కడిగేస్తే రెండోసారి ఎవరు నిర్ణయిస్తారు? స్నో తొలగింపు ఇందులోనే ఉందా, వేరే రేటా? ఆదివారాలు, క్రిస్మస్ సెలవులు కలిశాయా?

ఎంతకాలం అన్నదాంట్లో చాలామంది పిసినారితనం చూపిస్తారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చాలంటారు. 2013 మార్చిలో ఈ దేశం గడ్డకట్టింది. 2018లో "బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్" అన్న చలి ఫిబ్రవరి చివర్లో వచ్చి మార్చిలోకి సాగింది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా రాయించుకోవడం సరైనది. వెచ్చగా గడిచే ఏడాది సంగతికొస్తే, 2013-14 చలికాలమంతా వానలు, తుఫాన్లే. అలాంటి ఏడు సీజను మొత్తానికి ఒకే ధర కట్టినవాళ్లకు కడుపు మండుతుంది. 2010 డిసెంబరు లాంటిది వస్తే, 1910 నుంచి ఉన్న జాతీయ రికార్డుల్లో అంత చల్లటి డిసెంబరు లేదు, విడతకింతని కట్టేవాళ్ల బిల్లు కొండలా పెరుగుతుంది. మీ చేతిలో ఎంత డబ్బు ఆడుతుందో దాన్ని బట్టి ఎంచుకోండి. నన్నడిగితే చిన్న వ్యాపారానికి కొన్ని విడతలు కలిపిన స్థిర ధర, ఆ పైన విడతకింత అన్న మధ్యేమార్గం మేలు.

ఉప్పు నిల్వ సంగతి తప్పక అడగండి. 2010 జనవరిలో దేశవ్యాప్తంగా ఉప్పుకు కటకట వచ్చింది. ప్రభుత్వమే పంపకం చూడాల్సి వచ్చింది, కౌన్సిళ్లు వాడకం తగ్గించాల్సి వచ్చింది. చలి వచ్చాక సంచి కొందామనుకున్నవాళ్లకు దుకాణాల్లో ఖాళీ అరలు కనిపించాయి. కాంట్రాక్టరు తన గోదాములో ఎన్ని టన్నులు కప్పు కింద పెట్టుకున్నాడో చూడాలి. ఆరుబయట టార్పాలిన్ లేకుండా పడున్న కుప్ప అంటే వానకు ఉప్పు కరిగి కాలువలోకి పోతోందని అర్థం.

తర్వాత సైటు పటం. ఆవరణంతా ఒకేలా చల్లడం తెలివైన పని కాదు. పటంలో ముందు గుర్తించాల్సినవి: బస్టాపు వైపు గేటు నుంచి గుమ్మం దాకా, వికలాంగుల పార్కింగు, ర్యాంపులు, బయటి మెట్లు, అగ్నిప్రమాద ద్వారాల బయట, అందరూ గుమిగూడే చోటు, సరుకు దిగే చోటు, చెత్తడబ్బాల దారి. సిగరెట్టు తాగే షెల్టరును అందరూ మరిచిపోతారు. పటంలో లేని దారులు కూడా ఉంటాయి, గడ్డికి అడ్డంపడి జనం తొక్కి వేసిన కాలిబాటలు. వాటినైనా మూసెయ్యాలి, లేదా చల్లించాలి. ఉత్తరం వైపు నీడ పడే మూల మధ్యాహ్నం దాకా కరగదు. చూరుకున్న కారే గట్టర్ కింద రోజూ కొత్త ఐస్ పుడుతుంది. అక్కడ ఉప్పు చల్లుతూ కూచోవడం కన్నా గట్టర్ బాగు చేయించడం చవక.

ఉప్పు నష్టాలూ చెప్పాలి కదా. బహుళ అంతస్తుల కార్ పార్కులో ఉప్పులోని క్లోరైడు కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనుమును తినేస్తుంది. ఇనుప మెట్లు, ఇనుప వంతెనలకూ అదే గతి. అలాంటిచోట ఎసిటేట్ రకం, క్లోరైడు లేనివి వాడతారు. ఖరీదెక్కువ, కాబట్టి అక్కడికే పరిమితం చేయండి. పూలచెట్ల మొదళ్ల వైపు తోయకండి. గుమ్మం దగ్గర గోధుమరంగు ఉప్పు కాకుండా తెల్లటిది వాడితే లోపలి కార్పెట్టు మట్టి మరకలు పడకుండా ఉంటుంది. తడి ఉప్పు కాళ్లకంటుకుని వినైల్ ఫ్లోర్ మీదికి వస్తే అక్కడ కొత్తగా జారుడు మొదలవుతుంది. బయట అంత ఖర్చు పెట్టి లోపల చాప వేయనివాళ్లున్నారు. చాప కనీసం నాలుగైదు అడుగులు వేసేంత పొడవుండాలి.

చివరగా చిట్టా. ఇంగ్లండ్‌లో గాయాల దావా వేయడానికి పెద్దలకు సాధారణంగా మూడేళ్ల గడువుంది. అంటే ఈ జనవరిలో జారిన మనిషి తరఫు లాయరు ఉత్తరం మూడో ఏట చివర్లో రావచ్చు. అప్పటికి ఆ రాత్రి ఎవరికీ గుర్తుండదు, కాగితం ఒక్కటే మాట్లాడుతుంది. మంచి చిట్టాలో ఒక వరస ఇలా ఉంటుంది: మంగళవారం, మధ్యాహ్నం 2.15, నేల కనిష్ఠం మైనస్ 0.5 అని సూచన, తడి ఉంది, చల్లాలని నిర్ణయం. రాత్రి 8.40 నుంచి 9.20 దాకా, చదరపు మీటరుకు 20 గ్రాములు, మొత్తం 40 కిలోలు, ర్యాంపు, మెట్లు చేత్తో. తర్వాత బండి జీపీఎస్ జాడ, రెండు ఫోటోలు. ఇది చాలామంది ఉంచుతారు. ఉంచనిది ఆ మర్నాటి వరస: బుధవారం, మధ్యాహ్నం 2.10, కనిష్ఠం ప్లస్ 3, మబ్బు, చల్లలేదు. ఉప్పు చల్లకుండా వదిలేసిన రోజు కూడా ఎవరో చూశారు, ఆలోచించి వద్దనుకున్నారు అని చెప్పేది ఆ వరసే. కాంట్రాక్టరు దగ్గర అది ఉందా అని మొదటి సమావేశంలోనే అడగండి. లేదంటే ఇంకొకరిని చూసుకోండి.